హాలంతా వెన్న వాసన

ఇంటర్వెల్‌కి ఇంకా పది నిమిషాలుంది. లోపల ఫైటు నడుస్తోంది. బయట కౌంటర్ దగ్గర కుర్రాడికి చేతి నిండా పని. గాజు పెట్టెలో వేలాడే స్టీలు గిన్నెలో నారింజరంగు కొబ్బరినూనె గడ్డ ఒకటి వేశాడు. అది కరిగి వేడెక్కగానే మూడు పాళ్లకు ఒక పాలు నూనె లెక్కన మొక్కజొన్న గింజలు పోశాడు. చిన్న చెంచాతో పసుప్పచ్చటి ఉప్పు చల్లి మూత వేశాడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక టప్పు, ఇంకో టప్పు, ఆపైన రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు ఒకటే మోత. మూత తనంతట తనే లేచింది. తెల్లటి పేలాలు గాజు పెట్టెలోకి పొర్లిపడ్డాయి. తలుపు సందుల్లోంచి హాల్లోకి వాసన దూరింది. కమ్మటి వెన్న వాసన.

ఆ గిన్నెలో పడ్డవాటిలో వెన్న మాత్రం లేదు.

సినిమా హాలు పాప్‌కార్న్‌కి ఆ రుచి గింజ వల్ల రాలేదు. ఇంట్లో కుక్కర్లో అవే గింజలు వేయించి చూడండి, ఆ రుచి రాదు. పేలం ఒంటికి పట్టే నూనె, ఉప్పు, వాసన, పైన పోసే పసుపు ద్రవం, వీటిలోనే ఉంది హాలు రుచంతా. వీటి వెనుక నూటముప్ఫై ఏళ్ల చరిత్ర ఉంది. యుద్ధాలు, ఆర్థిక మాంద్యం, కోర్టు కేసులు, కొందరు కార్మికుల ఊపిరితిత్తులు కూడా ఆ చరిత్రలో ఉన్నాయి.

పేలాలు మనకు కొత్త కాదు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు విసిరి, బెల్లం కలిపి పేలాల పిండి చేసుకునే ఇళ్లు తెలుగునాట ఈనాటికీ ఉన్నాయి. మొక్కజొన్న పేలాల పుట్టిల్లు అమెరికా ఖండాలు. పెరూ ఉత్తర తీరంలో దొరికిన కంకులను బట్టి అక్కడివాళ్లు 6,700 ఏళ్ల కిందటే వీటిని తిన్నారని శాస్త్రవేత్తలు తేల్చారు. గింజ లోపల 14 శాతం దాకా తేమ ఉంటుంది. పైపెంకు గట్టిది. వేడి 180 డిగ్రీల సెల్సియస్‌కి చేరేసరికి లోపలి ఆవిరి ఒత్తిడి బయటి గాలికన్నా దాదాపు 9 రెట్లు పెరుగుతుంది. అప్పుడు పెంకు పగిలి, మెత్తబడిన పిండిపదార్థం నురగలా పొంగి, బయటికొచ్చి చల్లారి గట్టిపడుతుంది. ఆ నురగలోని గుంటల్లోనే ఉప్పూ నూనే దాక్కుంటాయి.

ఈ గింజలను నూనెలోనే వేయించి, ఉప్పు కూడా అప్పుడే పట్టించే యంత్రాన్ని జనం ముందుకు తెచ్చిన మనిషి చార్లెస్ క్రేటర్స్. షికాగోలో మిఠాయి దుకాణం నడిపేవాడు. పల్లీలు వేయించే యంత్రంతో మొదలుపెట్టి ఆవిరితో నడిచే పాప్‌కార్న్ బండి దాకా వచ్చాడు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ బండి నిలబెట్టాడు. అతని గిన్నెలో ఒక వంతు కాచి వడగట్టిన వెన్న, రెండు వంతులు పందికొవ్వు ఉండేవని చెబుతారు. కాచి వడగట్టిన వెన్న అంటే మన భాషలో నెయ్యే. అదే షికాగోలో రూకైమ్ సోదరులు పేలాలకు, పల్లీలకు బెల్లపు పాకం లాంటి మొలాసిస్ పట్టించి అమ్మారు. 1896లో దానికి క్రాకర్ జాక్ అని పేరొచ్చింది. ఉప్పు పేలం, తీపి పేలం అన్న రెండు దారులూ ఒకే ఊళ్లో, దాదాపు ఒకే కాలంలో పడ్డాయి.

సినిమా హాళ్లు మాత్రం పాప్‌కార్న్‌ను గుమ్మం తొక్కనివ్వలేదు. మూకీల కాలంలో పెద్ద హాళ్లు కట్టినవాళ్లకు నాటకశాలల హోదా కావాలి. నేలంతా ఖరీదైన తివాచీలు, పైన షాండ్లియర్లు. పేలాలు తివాచీల్లో తొక్కుడుపడతాయని, నమిలే చప్పుడు చిరాకు పెడుతుందని వాళ్ల బాధ. కోట్లతో పాటు పాప్‌కార్న్ పొట్లాలు కూడా బయట అప్పజెప్పి లోపలికి రమ్మని కొన్నిచోట్ల బోర్డులుండేవి.

1927లో టాకీ వచ్చింది. తెర మీది అక్షరాలు చదవాల్సిన పని పోయి, చదువు రానివాళ్లూ పిల్లలూ హాళ్లకు వచ్చారు. నమిలే చప్పుడు తెర మీది మాటల్లో కలిసిపోయింది. 1930 నాటికి అమెరికాలో వారానికి 9 కోట్ల టికెట్లు తెగుతున్నాయి. అంతలో మాంద్యం విరుచుకుపడింది. పని పోయినవాడు కూడా అయిదు, పది సెంట్లు పెట్టి ఒక పాప్‌కార్న్ పొట్లం కొనగలడు. ఒక గోనె గింజలతో ఓ కుటుంబం ఏళ్ల తరబడి వ్యాపారం చేసుకోగలదు. అందుకే బళ్లవాళ్లు హాళ్ల ముందు బారులు తీరారు.

ఈ కథలో అందరికన్నా తలుచుకోవాల్సిన మనిషి కాన్సస్ సిటీకి చెందిన జూలియా బ్రేడన్ అనే వితంతువు. అక్కడి లిన్‌వుడ్ థియేటర్ యాజమాన్యాన్ని ఒప్పించి లాబీలోనే చిన్న పాప్‌కార్న్ కొట్టు పెట్టుకుంది. 1931 నాటికి ఆమెకు నాలుగు కొట్లు, ఏడాదికి 14,400 డాలర్లకు పైగా రాబడి. ఊళ్లకు ఊళ్లు కూలి కోసం వరసలు కట్టిన కాలంలో ఒంటరి ఆడమనిషి సాధించిన సంగతది. ఆ డబ్బు తమ గల్లాపెట్టెలోకే రావాలని హాళ్లవాళ్లకు త్వరలోనే తెలిసొచ్చింది. డల్లాస్‌లో ఒక థియేటర్ల సంస్థ తన 80 హాళ్లలో యంత్రాలు పెట్టించి, మేలైన అయిదు హాళ్లను మాత్రం పరువు పోతుందని వదిలేసింది. రెండేళ్లు తిరిగేసరికి యంత్రాలున్న హాళ్లు లాభాల్లో పడ్డాయి. ఆ అయిదూ నష్టాల్లో కూరుకుపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధం మిగతా పని చేసింది. చక్కెరకు రేషన్ పెట్టడంతో చాక్లెట్లు, మిఠాయిలు దొరకలేదు. మొక్కజొన్నకు కొరత లేదు, ఉప్పుకు అసలే లేదు. కొరత వచ్చింది కొవ్వులకే. 1943లో వెన్న రేషన్‌లోకి వెళ్లింది. ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి చిక్కడంతో అక్కడి నుంచి కొబ్బరినూనె రాక ఆగింది. ఏ నూనెతో ఆ రుచి రప్పించాలా అని హాళ్లవాళ్లు, యంత్రాలవాళ్లు తలలు పట్టుకున్నారు. 1945 నాటికి అమెరికాలో తినే పాప్‌కార్న్‌లో సగానికి పైగా సినిమా హాళ్లలోనే తింటున్నారు.

వెన్నతో ఉన్న చిక్కు కొరత పోతే తీరేది కాదు. అది వెన్నలోనే ఉంది. వెన్న కాచే ప్రతి తెలుగింటి వంటగదికీ ఈ విషయం తెలుసు. పొయ్యి మీద పెట్టిన కాసేపటికి అది చిటపటమని గోల చేస్తుంది. ఆ చప్పుడు వెన్నలో ఉన్న నీటిది. చప్పుడు ఆగితే నెయ్యి దిగినట్టు. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లుంటాయి. కరిగించిన వెన్నను పేలాల మీద పోస్తే నీరు తగిలిన చోటల్లా పేలం ముడుచుకుని తడిసిన అట్టలా అవుతుంది. నెయ్యి పోస్తే ఆ బాధ లేదు కానీ ఖరీదెక్కువ. చవకగా ఉండాలి, నీరుండకూడదు, రోజుల తరబడి బయట పెట్టినా పాడవకూడదు, వెన్నలా కనిపించాలి, వెన్నలా వాసన రావాలి. ఈ షరతులన్నీ నెరవేర్చింది సోయా నూనె. దానికి బీటా కెరోటిన్‌తో పసుపు వన్నె, పైన వెన్న వాసన కలిపారు. పంపు నొక్కితే ధారగా పడే ఆ ద్రవాన్ని బటర్ అనకుండా 'బటరీ టాపింగ్' లాంటి పేర్లతో పిలవడం అందుకే.

ఉప్పు కథ కూడా ఇలాంటిదే. మామూలు ఉప్పు పలుకు పేలం మీద నిలవదు, జారి పొట్లం అడుక్కి చేరుతుంది. హాళ్లలో వాడేది పిండిలా సన్నటి ఉప్పు. సిన్సినాటిలోని గోల్డ్ మెడల్ కంపెనీ అమ్మే ఫ్లేవకాల్ దీనికి పేరుమోసింది. పాల డబ్బాలాంటి అట్టపెట్టెలో వస్తుంది. అందులో ఉప్పుకు పసుపు రంగూ వెన్న వాసనా కలిపి ఉంటాయి. దాన్ని పేలాల మీద చల్లరు, గింజలతోపాటే నూనెలో వేస్తారు. ప్రతి పేలానికీ సమంగా పట్టేది అందుకే.

1994లో గింజలు వేయించే కొబ్బరినూనెకు గట్టి దెబ్బ తగిలింది. సెంటర్ ఫర్ సైన్స్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ అనే వినియోగదారుల సంస్థ హాళ్లలోని పాప్‌కార్న్‌ను పరీక్ష చేయించింది. కొబ్బరినూనెలో వేయించిన మీడియం పొట్లంలో, పైన ఏమీ పోయకుండానే, 37 గ్రాముల సంతృప్త కొవ్వు తేలింది. రోజంతటికీ 20 గ్రాములు దాటొద్దని సలహా ఇచ్చే రోజులవి. టాపింగ్ కూడా కలిపితే పొద్దున బేకన్, గుడ్లు, మధ్యాహ్నం బిగ్ మాక్, ఫ్రైస్, రాత్రి స్టేక్ భోజనం, ఈ మూడింటిలో ఉన్నంత కొవ్వు ఒక్క పొట్లంలో ఉందని ఆ సంస్థ విలేఖరుల ముందు ఆ పదార్థాలన్నీ పరిచి మరీ చూపించింది. పెద్ద థియేటర్ సంస్థలు హడావిడిగా వేరే నూనెలకు మారాయి. ఆ రుచి రాలేదని జనం మొహం చిట్లించారు. కొన్నాళ్లకు చాలామంది మళ్లీ కొబ్బరినూనెకే వచ్చారు.

ఇంతకన్నా మనసు కలచే సంగతి ఇంకొకటి ఉంది. వెన్నకు ఆ వాసననిచ్చే పదార్థాల్లో ముఖ్యమైనది డైఅసిటైల్. దాన్ని విడిగా తయారుచేసి కృత్రిమ వెన్న వాసనల్లో కలుపుతారు. 2000లో అమెరికా మిజోరి రాష్ట్రంలో జాస్పర్ అనే చిన్న ఊళ్లో, మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన ఎనిమిది మందికి బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్ అనే అరుదైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్టు బయటపడింది. ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలిగొట్టాలు మచ్చలు కట్టి మూసుకుపోయే జబ్బది, నయం కాదు. వాళ్లలో కొందరు వేడి నూనె తొట్టిలో ఉప్పునూ వాసననూ కలిపే పని చేసినవాళ్లు. మూత తీసినప్పుడల్లా లేచే ఆ కమ్మటి ఆవిరిని ఏళ్ల తరబడి పీల్చారు. ఈ జబ్బుకు 'పాప్‌కార్న్ లంగ్' అని పేరు పడిపోయింది. 2007లో పెద్ద కంపెనీలు తమ మైక్రోవేవ్ పాప్‌కార్న్‌లో డైఅసిటైల్ వాడకం మానుతామని ప్రకటించాయి. కోట్లమంది నోరూరించిన వాసన కోసం ఈ మనుషులు ఊపిరి పోగొట్టుకున్నారు. పాప్‌కార్న్ చరిత్ర ఎవరు రాసినా వాళ్లను దాటేసి పోకూడదు.

అమెరికా దాటితే పేలం మీద పడేది మారిపోతుంది. జర్మనీలో తీపిదే ఎక్కువ ఇష్టం. మెక్సికోలో మిరప సాసు, నిమ్మరసం పిండుతారు. జపాన్‌లో సోయా సాసు, వెన్న. హవాయిలో సముద్రపు నాచు పొడి, బియ్యపు కరకరలు కలిపి హరికేన్ పాప్‌కార్న్ అంటారు. షికాగోలో కారమెల్ పేలాలనూ చీజ్ పేలాలనూ ఒకే పొట్లంలో పోసి అమ్ముతారు. ఆ కారమెల్ పేలానికి ప్రత్యేకమైన గింజలున్నాయి. అవి రెక్కలు విప్పిన సీతాకోకలా విచ్చుకోకుండా పుట్టగొడుగులా గుండ్రంగా పేలుతాయి, పాకంలో కలియబెట్టినా విరగవు.

తెలుగునాట హాళ్లలో ఈ పేలం ఆలస్యంగా పెద్దపీట ఎక్కింది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ తరగతులున్న రోజుల్లో ఇంటర్వెల్ అంటే సోడా, కలర్, వేయించిన పల్లీలు, మురుకులు. హైదరాబాద్ హాళ్లలో ఉల్లిపాయ కూరిన చిన్న సమోసాలు. లైట్లు వెలగకముందే గోలీ సోడా సీసా మీద చెక్క తాళం రాసే కిర్రుమనే చప్పుడు వినబడేది. 1997లో ఢిల్లీ సాకేత్‌లో మల్టీప్లెక్స్ తెరుచుకుంది, 2003లో హైదరాబాద్‌లో ప్రసాద్స్ వచ్చింది. వాటితో పాటే గాజు పెట్టె, బకెట్, చీజ్ పొడి, కారమెల్ దిగాయి. భారీ ధర కూడా వచ్చిపడింది. టికెట్ డబ్బులో సినిమావాళ్లకు వాటా పోతుంది, పాప్‌కార్న్ డబ్బు మొత్తం హాలుదే. రికార్డ్ గిల్, వెస్లీ హార్ట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధన ఈ ధరల గురించే. అమెరికా హాళ్లకు తినుబండారాల నుంచి వచ్చే రాబడి మొత్తంలో అయిదో వంతే అయినా లాభంలో 40 శాతం దాకా వాటిదే. నలుగురున్న కుటుంబం టికెట్లకన్నా పాప్‌కార్న్‌కే భయపడి హాలుకు పోవడం మానేసే రోజులొచ్చాయంటే ఆ లెక్క ఎక్కడో తప్పినట్టే.

బయటి తిండి తెచ్చుకోనివ్వాలన్న వాదన 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. వద్దనే హక్కు హాలు యజమానికి ఉందని కోర్టు చెప్పింది. అయితే తాగునీరు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చుకునే ఆహారాన్ని ఆపకూడదు. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో సమావేశమైన జీఎస్టీ కౌన్సిల్, పేలం మీద ఏముందన్న దాన్ని బట్టి పన్ను వివరించింది. ఉప్పు, మసాలా చల్లి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్ చేసి లేబుల్ వేస్తే 12 శాతం, కారమెల్ పట్టిస్తే అది మిఠాయి కిందకొస్తుంది కనక 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఉప్పు పేలాలకు ప్యాకెట్ అయినా 5 శాతమే. కారమెల్ 18 దగ్గరే ఉంది.

పరువు కోసం అయిదు హాళ్లను మునగనిచ్చిన డల్లాస్ చుట్టుపక్కల ఇవాళ తెలుగువాళ్లు వేలకొద్దీ ఉన్నారు. పెద్ద హీరో సినిమా ప్రీమియర్ రోజున అక్కడి హాళ్లలో తెలుగు తప్ప వేరే మాట వినిపించదు. చాలాచోట్ల 'విశ్రాంతి' అని తెర మీద పడినా బొమ్మ ఆగదు, లేచి వెళ్తే సీన్లు పోతాయి. మూడు గంటలకు సరిపడా బకెట్ ముందే నింపుకోవాలి. అలవాటైనవాళ్లు బకెట్ నిండాక టాపింగ్ పంపు దగ్గరికి పోరు. సగం నింపించుకుని ఒకసారి, మిగతా సగం నింపించుకుని ఇంకోసారి నొక్కుతారు. ఇంకొందరు పంపు మూతికి స్ట్రా తగిలించి, దాని రెండో కొసను పేలాల మధ్యకి గుచ్చి, అడుగు పొర దాకా పసుపు దిగేలా నెమ్మదిగా నొక్కుతారు.