చిరుగు లోపలికి తిప్పి

ఇష్టమైన చీర ఒకచోట చిరిగితే మనమేం చేస్తాం? పారెయ్యం. చిరుగు కుచ్చిళ్ల లోపలికి పోయేట్టు తిప్పి కట్టుకుంటాం. జపానులో ఒక ఎముకల డాక్టరుగారు అచ్చం ఈ పనే మనిషి తుంటికి చేశారంటే నమ్ముతారా? ఆర్ట్స్ చదివిన నాకు శస్త్రచికిత్స తెలీదు గానీ, ఈ చరిత్ర మాత్రం నవలకంటే ఆసక్తిగా చదివించింది.

తుంటి అంటే గిన్నెలో తిరిగే బంతి. ఆ బంతికి రక్తం తెచ్చేవి సన్నని నాళాలు. తొడ ఎముక మెడ విరిగినా, స్టెరాయిడ్లు, తాగుడు మితిమీరినా, సికిల్ సెల్ జబ్బున్నా ఆ రక్తం ఆగిపోవచ్చు. అప్పుడు మనిషి బతికుండగానే ఎముక చచ్చిపోతుంది. కొన్నాళ్లు ఆకారం నిలుపుకుని, చివరికి ఒంటి బరువుకే కుంగిపోతుంది. అదీ ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్ల వయసులో!

1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెలతో కృత్రిమ తుంటి అమర్చారు. పెద్దవాళ్లకది వరమే. కానీ చిన్నవయసువాళ్ల మాటేమిటి? గిన్నె అరిగితే మళ్లీ కోతే కదా! అందుకే ఉన్న బంతినే నిలబెట్టాలని కొందరు పట్టుబట్టారు.

1960లలో ఫ్రాన్సులోని తులూజ్‌లో ఫికా, ఆర్లె అనే డాక్టర్లు జబ్బు తేల్చుకోవడానికి ఎముకకి సన్నగా తూటు పొడిచి ముక్క తీశారు. చిత్రంగా, రోగులకి నొప్పి తగ్గింది! లోపలి ఒత్తిడి తగ్గిందన్నమాట. పరీక్షే వైద్యమైంది.

ఇక చీర తిప్పిన డాక్టరుగారు ఫుకువోకాలో సుగియోకా. బంతి పైన, ముందువైపు చచ్చినా వెనకభాగం బాగుందని గమనించారు. 1972లో మెడ మొదట్లో ఎముక కోసి, నాళాలు తెగకుండా బంతిని తిప్పి, బాగున్న భాగాన్ని బరువు మోసే చోటికి తెచ్చారు. చాలా కష్టమైన పనితనం. జపాను బయట అందరి చేతుల్లోనూ అంతగా ఫలించలేదు. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అర్బానియాక్ మరో దారి పట్టారు. మోకాలి కింది సన్న ఎముకని రక్తనాళాలతో సహా తీసి, చచ్చిన బంతికి లోపల గుంజలా నిలబెట్టారు.

వీటన్నిటికీ శత్రువు ఆలస్యమే. బంతి కుంగకముందు చేస్తేనే ఎక్కువ ఫలితం. ఎక్స్‌రేకి అందని తొలిదశని ఎమ్మారై పట్టేస్తుంది. గజ్జల్లో మొదలయ్యే ఈ నొప్పి ఒక్కోసారి మోకాలి నొప్పిలా మభ్యపెడుతుంది కూడా. ఇంట్లో వయసు పిల్లలు కుంటుతూ తిరుగుతుంటే "వాతం నొప్పేలే" అని నూనె రాసి ఊరుకోకండి. తుంటి కూడా చూడమని డాక్టరుని మీరే అడగండి.