మా గోదావరి ఇసుక తిన్నె

కోస్తా మిత్రులు సముద్రతీర విహారాలను గురించి వ్రాసినవి చదివినప్పుడల్లా నాకు కొంత అసూయ, కొంత నవ్వు కలుగుతాయి. మా కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాల పిల్లలకు సముద్రం భూగోళ పాఠంలో మాత్రమే ఉండేది. నేను దానిని కన్నులారా చూచేనాటికి ఉద్యోగంలో చేరి పదేండ్లు దాటింది. అంతమాత్రాన తీరమంటే తెలియనివాళ్ళమనుకోవద్దు. మాకు గోదావరి ఉన్నది.

1976 వేసవి. పరీక్షలు ముగించుకొని నలుగురం సోపతిగాళ్ళం కోటిలింగాల చేరినాము. పెద్దవాగు గోదావరిలో కలిసే చోటనున్న ఊరు అది. మాలో ఒకని మేనమామ ఇల్లు అక్కడ ఉండేది. నాలుగు రోజులు మేము చేసిన పని ఏమీ లేదు. పొద్దున్నే సర్వపిండి మూట కట్టుకొని ఇసుకలోకి దిగేవాళ్ళం. నది ఒక పాయగా సన్నగిల్లి పారేది, తక్కినదంతా తెల్లని తిన్నె. దాహమైతే చెలిమ తీసుకొనేవాళ్ళం. అక్కడ గోదావరే రెండు జిల్లాలకు ఎల్ల. ఒకడు వెల్లకిలా పడుకొని, "నా తల కరీంనగరంల, కాళ్ళు ఆదిలాబాదుల ఉన్నయిరా" అనేవాడు. "పొద్దు గూకకముందే రాండ్రి అల్లుండ్లూ, నదిని నమ్మద్దు" అని మామ రోజూ చెప్పేవాడు, మేము రోజూ ఆలస్యంగానే వెళ్ళేవాళ్ళం.

సాయంకాలం మాకొక వినోదం ఉండేది. దిబ్బ అంచున ఎర్రని పెంకులు విరివిగా దొరికేవి. పలుచనివి ఏరి, నీటిమీద కప్పగంతులు వేసేటట్టు విసిరేవాళ్ళం. ఏడు గంతులు వేయించిన ఘనత నాదే. ఇప్పుడు తలచుకొంటే సిగ్గు వేస్తుంది.

ఆ దిబ్బమీదనే, ఆ రోజులలోనే, ధర్మపురివారైన సంగనభట్ల నరహరిశర్మగారు ఓపికతో నాణేలు సేకరించినారు. వాటిని పి.వి.పరబ్రహ్మశాస్త్రిగారు చదివి లోకానికి తెలిపినారు. గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు బయటపడినవి. అన్నిటికంటె ముఖ్యంగా చిముక శాతవాహనుని పేరు దొరికింది. పురాణాలు శిశుకుడనీ, సింధుకుడనీ, శిప్రకుడనీ తలకొక రీతిగా చెప్పిన తొలి శాతవాహనుడు ఇతడేనని చాలామంది పండితుల అభిప్రాయం. తరువాత పురావస్తుశాఖ వి.వి.కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపింది. మట్టికోట, ఇటుక కట్టడాలు, మట్టి గాజులు పేర్చి కట్టిన బావులు వెలువడినవి. మేము పడుకొని లేచిన చోటు ఒక నగరపు అంచు అన్నమాట! ఈ సంగతి నేను తెలుగు పండిత శిక్షణలో ఉండగా చదివినాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను విసిరిన ఏడు గంతుల పెంకు ఎవరి ఇంటి కుండదో!

ఒక ఊరట మాత్రం ఉన్నది. శాతవాహనుడైన హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో గోదావరి గట్లు, పొదరిండ్లు మాటిమాటికి వస్తాయి. ఆ ప్రాకృత కవులు నదిని 'గోలా' అన్నారు. అక్కడ రాజ్యాలు, యుద్ధాలు వెదికితే దొరికేది తక్కువ. పల్లెజనం, ప్రేమికులు, పనిలేని మధ్యాహ్నాలు ఎక్కువ. కనుక ఈ ఒడ్డున ఊరకే కాలం గడపడం మేము మొదలుపెట్టిన వ్యసనం కాదు. అయితే శర్మగారు అదే ఇసుకలో కన్ను తెరిచి నడిచినారు, మేము కన్ను మూసి పడుకొన్నాము. తేడా అంతా అక్కడే ఉన్నది.

తరువాత ఎల్లంపల్లి వద్ద ఇరవై టీఎంసీల పైచిలుకు నీరు నిలిపే శ్రీపాదసాగరం కట్టినారు. పొలాలకు, పట్టణాలకు నీరు వచ్చింది, కాదనను. ఎండిన బావుల కాలం చూచినవాణ్ణి. కాని ఆ వెనుకనీరు కోటిలింగాల దాకా ఎగదన్నింది. తవ్వవలసిన దిబ్బలో కొంత మునిగింది. మా తిన్నె మొత్తం పోయింది. 2016లో జిల్లాలు చీలి ఆ ఊరు జగిత్యాలకు, ఆవలి ఒడ్డు మంచిర్యాలకు పోయినవి. తల ఒకచోట, కాళ్ళు ఒకచోట అన్న మా వాని హాస్యానికి ఇప్పుడు పేర్లు కూడా మార్చుకోవాలె.

ఆ హాస్యగాడు మూడేండ్ల క్రితం కాలం చేసినాడు. నిరుడు మిగిలిన ముగ్గురం వెళ్ళినాము. మామ లేడు, ఆ ఇల్లూ లేదు. గుడి మెట్లమీద కూర్చొని, తిన్నె ఎక్కడ ఉండేదో గుర్తుపట్టడానికి ప్రయత్నించినాము. ముగ్గురం మూడు దిక్కులు చూపించినాము. ఒడ్డున ఒక ఎర్రని పెంకు కనిపించింది. ఒకడు అలవాటుగా తీసి, చేయి వెనుకకు లాగి, నా ముఖం చూచి ఆగిపోయినాడు. తిరిగి ఉన్నచోటనే పెట్టినాడు.