కళాశాల జట్టు, వృత్తి జట్టు: క్రీడాభిమానపు చారిత్రక మూలాలు – గాండ్లపెంట నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నైపుణ్యంలో వృత్తి క్రీడాకారులదే పైచేయి. అయినప్పటికీ కొందరు అభిమానులు కళాశాల జట్టునే తమ జట్టుగా భావిస్తారు. ధనాపేక్ష లేని ఆట పట్ల గౌరవమే దీనికి కారణమని సాధారణంగా చెబుతారు. జట్టుకూ ఊరికీ ఉన్న సంబంధం, ఆ సంబంధం నిలిచిన కాలం అంతకన్నా బలమైన కారణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అమెరికా కళాశాల ఫుట్‌బాల్, తెలుగునాట విశ్వవిద్యాలయ క్రీడలు, హైదరాబాదు ఫ్రాంచైజీ జట్ల చరిత్రలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలక పదాలు: కళాశాల క్రీడలు, వృత్తి క్రీడలు, క్రీడాభిమానం, స్థానికత, అనంతపురం, ఫ్రాంచైజీ.

1. ఉపోద్ఘాతం

గాండ్లపెంట శ్రీ సత్యసాయి జిల్లా కదిరి ప్రాంతంలోని మండల కేంద్రం. ఇటువంటి ఊళ్ళలో వృత్తి జట్టు టీవీలోనో ఫోన్‌లోనో కనిపించేదే తప్ప కళ్ళెదుట ఆడేది కాదు. కళ్ళెదుట ఆడేవి పాఠశాల జట్లు. చదువు కోసం కదిరికో అనంతపురానికో వెళ్ళిన పిల్లలు ఉండే కళాశాల జట్లు. పాఠశాల క్రీడల పోటీలు మండల స్థాయిలో మొదలై జిల్లా, రాష్ట్ర స్థాయిల మీదుగా జాతీయ స్థాయికి చేరతాయి. మొదటి మెట్టులో పిల్లవాడు తన బడి పేరు మీద, తరువాత తన మండలం పేరు మీద ఆడతాడు. అతని ఆటను చూసేవారికి అతడు ఎవరి బిడ్డో తెలుసు.

ప్రపంచస్థాయి ఆట ఇంట్లోనే చూడగల కాలంలో ఇటువంటి జట్టుపై మమకారం ఎందుకు నిలుస్తుంది? అమెరికాలో ఈ మమకారం లక్షమంది పట్టే స్టేడియంలను నింపుతుండగా తెలుగునాట కళాశాల క్రీడకు ప్రేక్షకులు ఎందుకు కరవయ్యారు? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి పరిశీలించినప్పుడే మొదటిదానికి సరైన సమాధానం దొరుకుతుంది.

2. అమెరికా: కళాశాల ముందు, లీగ్ తరువాత

కళాశాలల మధ్య క్రీడాపోటీ ఇంగ్లండులో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలు 1827లో క్రికెట్‌లోనూ, 1829లో పడవ పందెంలోనూ తొలిసారి తలపడ్డాయి. అమెరికాలో హార్వర్డ్, యేల్ విద్యార్థులు 1852లో పడవ పందెం జరుపుకొన్నారు. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన పోటీని అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌కు నాందిగా పరిగణిస్తారు. నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఏర్పడింది 1920లో. అంటే వృత్తి లీగ్ పుట్టేనాటికి కళాశాల ఆటకు యాభై ఏళ్ళ వయసుంది. తాతలు చూసిన జట్టునే మనుమలు చూసే అలవాటు అప్పటికే స్థిరపడింది.

ఇందుకు భౌగోళిక కారణం కూడా తోడైంది. 1862 నాటి మోరిల్ చట్టం వ్యవసాయ, సాంకేతిక విద్య కోసం రాష్ట్రాలకు ప్రభుత్వ భూములను కేటాయించింది. ఫలితంగా మహానగరాలకు దూరంగా, వ్యవసాయ ప్రాంతాలలో సైతం విశ్వవిద్యాలయాలు వెలిశాయి. వృత్తి లీగులు మాత్రం టిక్కెట్లు కొనే జనం అధికంగా ఉన్న నగరాలను ఎంచుకొన్నాయి. నెబ్రాస్కా రాష్ట్రం ఇందుకు చక్కని ఉదాహరణ. 1869లో స్థాపితమైన అక్కడి విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఆడే ప్రతి పోటీకీ 1962 నుండి టిక్కెట్లన్నీ అమ్ముడుపోతున్నాయి. ఆ రాష్ట్రానికి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో జట్టు లేదు. అక్కడి రైతు కుటుంబానికి విశ్వవిద్యాలయ జట్టే రాష్ట్ర జట్టు.

వృత్తి జట్టు యజమాని ఆస్తి. లాభం తగ్గితే ఊరు మారుతుంది. బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు 1957 తరువాత లాస్ ఏంజిల్స్‌కు తరలిపోయింది. బాల్టిమోర్ కోల్ట్స్ ఫుట్‌బాల్ జట్టు 1984లో రాత్రికి రాత్రి సామాను సర్దుకొని ఇండియానాపొలిస్ చేరింది. విశ్వవిద్యాలయం అలా వెళ్ళలేదు. దాని భవనాలు, పూర్వవిద్యార్థులు, పేరు అన్నీ ఆ ఊరితో ముడిపడి ఉంటాయి.

3. తెలుగునాట: ఆట ఉంది, ప్రేక్షకుడు లేడు

తెలుగునాట కళాశాల క్రీడకు ప్రతిభ కొరత ఎన్నడూ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. హైదరాబాదుకు చెందిన అబ్బాస్ అలీ బేగ్ 1959లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా ఉండగానే భారత జట్టులోకి వచ్చి, మాంచెస్టర్‌లో తన తొలి టెస్టులోనే 112 పరుగులు చేశాడు. అంతర విశ్వవిద్యాలయ క్రికెట్ కోసం రోహింటన్ బారియా ట్రోఫీ 1935–36లోనే మొదలైంది. విశ్వవిద్యాలయ జోన్ల మధ్య జరిగే పోటీకి విజయనగర రాజవంశీయుడు ‘విజ్జీ’ పేరు పెట్టారు.

అయినా అభిమానం స్థిరపడకపోవడానికి మూడు నిర్మాణపరమైన కారణాలు కనిపిస్తాయి. మొదటిది అనుబంధ కళాశాలల వ్యవస్థ. అంతర విశ్వవిద్యాలయ పోటీలలో విద్యార్థి తన కళాశాల పేరు మీద కాక, అది అనుబంధమైన విశ్వవిద్యాలయం పేరు మీద ఆడతాడు. అనంతపురం ప్రభుత్వ కళాశాల 1916లో దత్తమండల కళాశాలగా, మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో ఆరంభమైంది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి; కళాశాల అనుబంధం కూడా తదనుగుణంగా మారింది. కళాశాల అదే, ఊరు అదే. చొక్కా మీది పేరు మాత్రం తరానికొకటి. తండ్రి ఒక పేరుకు చప్పట్లు కొడితే కొడుకు మరో పేరుకు కొట్టవలసి వచ్చింది.

రెండోది పోటీల స్వరూపం. అంతర విశ్వవిద్యాలయ పోటీలు జోన్లవారీగా, ఆతిథ్యమిచ్చే ఒక విశ్వవిద్యాలయంలో కొద్దిరోజులలో ముగుస్తాయి. ఏటా అదే ప్రత్యర్థి తమ ఊరికి రావడం, తాము వారి ఊరికి వెళ్ళడం అనే ఆనవాయితీ లేదు. అభిమానాన్ని పెంచేది పొరుగువాడితో పదేపదే తలపడే స్పర్ధ. ఎక్కడో దూరాన జరిగి, మర్నాడు పత్రికలో రెండు వాక్యాల వార్తగా వచ్చే గెలుపు ఊరిని కదిలించలేదు.

మూడోది బతుకుతెరువు. చదువు ముగిసిన క్రీడాకారుడికి ఆశ్రయమిచ్చినవి పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు. స్థానిక అభిమానం ఆ జట్ల వెంట నడిచింది. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆ నగరానికి గర్వకారణమైంది. దానిలోని ఆటగాళ్ళు విద్యార్థులు కారు, జీతగాళ్ళు. జీతం తీసుకొన్నంత మాత్రాన వారు పరాయివారు కాలేదు. ఎందుకంటే వారు ఆ నగరంలోనే పనిచేసి, ఆ వీధుల్లోనే తిరిగినవారు.

4. ఫ్రాంచైజీల రాకపోకలు

ఇదే హైదరాబాదులో 2008 తరువాత వచ్చిన ఫ్రాంచైజీ జట్ల కథ వేరు. ఐపీఎల్‌లో దక్కన్ ఛార్జర్స్ 2009లో విజేతగా నిలిచింది. ఆ ఏడు పోటీలు జరిగింది దక్షిణాఫ్రికాలో. తెలంగాణ ఉద్యమ నేపథ్యంలో 2010లో దాని ‘సొంత మైదానపు’ పోటీలు నాగపూర్, కటక్, నవీ ముంబైలకు తరలాయి. 2012లో జట్టే రద్దయింది. ఫుట్‌బాల్‌లో పుణె జట్టు స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి వెళ్ళిపోయింది. రెండు జట్లూ ఓడి పోలేదు, గెలిచి పోయాయి. విజయం కూడా జట్టును ఊరికి కట్టిపడేయలేకపోయింది.

అనంతపురానికి ఇది మరో రూపంలో అనుభవమైంది. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు (ఆర్‌డీటీ) మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగాయి. అంతకుముందు టీవీలో మాత్రమే చూసిన ఆటగాళ్ళు కరవు జిల్లా ముంగిటికి వచ్చారు. కానీ ఆ ఏడాది జట్ల పేర్లు ఎ, బి, సి, డి. చూడటానికి తారలున్నారు; ‘మావాళ్ళు’ అనుకోవడానికి జట్టు లేదు. వృత్తి క్రీడ ఇచ్చే ఆనందం నిజమైనదే. అయితే అది వ్యక్తుల చుట్టూ తిరుగుతుంది.

5. ధనం – నైర్మల్యం: ఒక పునర్విమర్శ

కళాశాల ఆట స్వచ్ఛమైనదన్న వాదానికి చరిత్ర మద్దతు బలహీనం. ఆటలోని మరణాలు, హింస కారణంగా 1905లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా కళాశాలల ప్రతినిధులను పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. మరుసటి ఏడాది నియంత్రణ సంఘం ఏర్పడింది. 2021లో విద్యార్థి క్రీడాకారులు తమ పేరు ప్రతిష్ఠలపై సంపాదించుకొనే హక్కు పొందారు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే వారికి నేరుగా చెల్లించడం మొదలైంది. దశాబ్దాల పాటు స్టేడియంలు నింపిన ఆటగాడికి వాటా నిరాకరించిన వ్యవస్థను నైర్మల్యానికి చిహ్నంగా కీర్తించడం న్యాయం కాదు. కళాశాల క్రీడకు అసలు పరీక్ష జీతం వల్ల కాదు, ఆటగాడు ఏటా విశ్వవిద్యాలయం మారే ధోరణి వల్ల వస్తుంది. అప్పుడు అతడు కూడా ఊరు లేని ఆటగాడవుతాడు.

6. ముగింపు

కళాశాల క్రీడను ఇష్టపడే అభిమాని తక్కువ నైపుణ్యాన్ని కోరుకోవడం లేదు. తనను వదిలిపోని జట్టును కోరుకొంటున్నాడు. ఆ జట్టు తన ఊళ్ళో, ఒకే పేరుతో, తెలిసిన ప్రత్యర్థితో, తరాలుగా ఆడాలి. అమెరికాలో ఈ నాలుగూ కలిసివచ్చాయి. తెలుగునాట ఊరు ఉన్నా మిగిలినవి కుదరలేదు. కాబట్టి ఇక్కడ ప్రేక్షకులు లేకపోవడం అభిరుచి లోపం కాదు, నిర్మాణ లోపం.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో గాండ్లపెంట అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది.  మారనిది మండలం పేరు, బడి పేరు. పొరుగు మండలాల బడులు, కళాశాలలు ఏటా ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడుకొనే ఏర్పాటుకు పెద్ద స్టేడియం అవసరం లేదు. ఒక మైదానం, ఒక తేదీల పట్టిక, వాటిని ఏటా పాటించే పట్టుదల చాలు. అభిమానం అక్కడి నుండి మొదలవుతుందని పై చరిత్ర సూచిస్తోంది.