కారు సీటు మెమరీ పనిచేయట్లేదా? మాడ్యూల్ మార్చే ముందు ఇవి చూసుకోండి

గణపవరం: పొద్దున అబ్బా, మధ్యాహ్నం కోడలు, సాయంత్రం కొడుకు ఒకే కారు నడిపే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. ఎవరి ఎత్తుకు తగ్గట్టు వాళ్లకి ఒక్క బటన్‌తో సీటు సర్దిపెట్టేదే పవర్ సీటు మెమరీ. మహీంద్రా ఎక్స్‌యూవీ 700, టయోటా ఇన్నోవా హైక్రాస్ లాంటి కార్ల పై వేరియంట్లలో ఈ సౌకర్యం ఉంది. ఇది ఆగిపోతే షెడ్డులో తరచూ వినిపించే మాట ‘మాడ్యూల్ పోయింది’. నిజానికి లోపం బ్యాటరీలోనో, ఫ్యూజులోనో, సీటు కింద కనెక్టర్లోనో ఉండొచ్చు. అందుకే ఖర్చు తక్కువైన వాటితో మొదలుపెట్టాలి.

ఎలా పనిచేస్తుంది?

సీటు ముందుకు వెనక్కి జరగడానికి ఒక మోటారు, ఎత్తుకు ఒకటి, వీపు భాగం వాలడానికి ఒకటి ఉంటాయి. మోటారు తిరుగుతుంటే అందులోని హాల్ సెన్సార్ పల్సులు పంపుతుంది. మాడ్యూల్ వాటిని లెక్కపెట్టి సీటు ఎక్కడుందో తెలుసుకుంటుంది. ఖాతా పుస్తకంలో ఓపెనింగ్ బ్యాలెన్స్ తప్పితే చివరి లెక్కంతా తప్పినట్టే, ఇక్కడ లెక్క పోతే సీటు తన చోటు మర్చిపోతుంది.

లక్షణాన్ని బట్టి లోపం

• మామూలు స్విచ్‌తో కూడా సీటు కదలట్లేదు: ఫ్యూజు, కరెంటు సప్లై, స్విచ్ లేదా కనెక్టర్ చూడాలి.
• స్విచ్‌తో కదులుతోంది, మెమరీ బటన్‌కి కదలట్లేదు: కొన్ని కార్లలో గేరు పార్కింగ్‌లో ఉంటేనో, బండి ఆగి ఉంటేనో మెమరీ పనిచేస్తుంది. ముందు మాన్యువల్ చూడండి. ఆ తర్వాతే బటన్, సెన్సార్, మాడ్యూల్ సంగతి.
• నొక్కిన ప్రతిసారీ కాస్త జరిగి ఆగిపోతోంది: సెన్సార్ పల్సులు మాడ్యూల్‌కి అందట్లేదని అనుమానించాలి.
• మధ్యలో ఆగుతోంది: సీటు పట్టాల్లో నాణెం, పెన్ను, నీళ్ల సీసా, పిల్లల బొమ్మ ఇరుక్కుందేమో చూడండి.
• బ్యాటరీ తీసి పెట్టాక మర్చిపోయింది: పాడైపోయిందని కంగారుపడొద్దు, మళ్లీ సెట్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

ఇంట్లో చేసుకోగలిగేవి

1. బ్యాటరీ: ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్‌తో చూస్తే 12.4 నుంచి 12.7 వోల్టులు ఉండాలి. 12.2 కంటే తగ్గితే ముందు ఛార్జింగ్ పెట్టించండి.
2. ఫ్యూజు: మాన్యువల్‌లో సీటు ఫ్యూజు ఎక్కడుందో చూసి పరీక్షించండి. కాలిపోతే అదే ఆంపియర్లది వేయాలి. పెద్దది వేస్తే వైరింగ్ కాలే ప్రమాదం ఉంది.
3. రీసెట్: చాలా కార్లలో స్విచ్‌తో సీటును ఒక్కో దిశలో చివరిదాకా తీసుకెళ్లి, ఆగాక కూడా కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లెక్క మళ్లీ కుదురుతుంది. పద్ధతి కారును బట్టి మారుతుంది. తర్వాత పొజిషన్లు కొత్తగా సేవ్ చేయండి.

పసుపు కనెక్టర్ జోలికి వెళ్లొద్దు

సీటు కింద పసుపు రంగు కనెక్టర్ సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది. దాన్ని పీకడం, టెస్ట్ లైటుతో గుచ్చడం ప్రాణాల మీదకి తెస్తుంది. అక్కడి వైర్లు ముట్టుకోవాల్సి వస్తే కారు ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. అనుభవం లేకపోతే మెకానిక్‌కే వదిలేయండి.

మన ప్రాంతంలో తడి సమస్య

కొల్లేరు చుట్టూ చేపల చెరువుల గట్ల మీద తిరిగి బురద కాళ్లతో కారెక్కుతాం. మ్యాట్ కింద తడి ఆరదు. వాటర్ సర్వీసింగ్‌లో లోపలికి నీళ్లు కొట్టినా అంతే. దాంతో కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయిస్తే కొన్నిసార్లు అదే సరిపోతుంది. పెట్రోలు, కిరోసిన్ వాడొద్దు. సీటు కవర్లు వేయించాక లోపం మొదలైతే, కింద కట్టిన కొక్కేలు వైరును లాగాయేమో చూడండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో ఉండిపోయాయి. చాలా కార్లలో సీటు మాడ్యూల్ సీటు కిందే ఉంటుంది కాబట్టి నీళ్లు లోపలికొస్తే అది త్వరగా తడుస్తుంది. బేరం ఆడే ముందే మెమరీ బటన్లన్నీ నొక్కి చూడండి. సీటు బెల్టు పూర్తిగా లాగి బురద చార ఉందేమో, సీటు బోల్టులకు తుప్పుందేమో, కార్పెట్ కింద ముక్కు వాసన ఉందేమో గమనించండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు అడగండి. అమ్మేవాళ్లకూ ఒక మాట: సరుకులో ఐబ్ ఉంటే దాచకుండా చెప్పి అమ్మడం మన దీన్ నేర్పిన వ్యాపారం.

షెడ్డులో ఏం అడగాలి?

మామూలు ఓబీడీ రీడర్ ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చూపిస్తుంది. సీటు మాడ్యూల్‌ను చదవగలిగే స్కానర్ కావాలి. ‘బి’తో మొదలయ్యే కోడ్ బాడీ భాగాలది, ‘యు’తో మొదలయ్యేది మాడ్యూళ్ల మధ్య కమ్యూనికేషన్‌ది. ‘యు’ కోడ్ వచ్చినంత మాత్రాన మాడ్యూల్ పోయినట్టు కాదు, దానికి కరెంటు అందకపోయినా ఆ కోడే రావచ్చు. వారంటీ ఉంటే వైరు కోయనివ్వకుండా కంపెనీ సర్వీసుకే తీసుకెళ్లండి. మాడ్యూల్ మార్చాలంటే మూడు అడగండి: ఏ కోడ్ వచ్చింది, కరెంటు, కనెక్టర్ పరీక్షించారా, కొత్తదానికి ప్రోగ్రామింగ్ ఖర్చు కలిపి ఎంత? అంచనా కాగితం మీద రాయించుకోండి, పాత పార్టు వెనక్కి తీసుకోండి, జీఎస్టీ బిల్లు వదలొద్దు.