గన్నవరం రేవు దగ్గర అన్నపూర్ణ ఇల్లు

వంతెనలకు మామూలుగా నాయకుల పేర్లు పెడతారు. పి.గన్నవరం దగ్గర గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువ నీళ్ళు మోసే కొత్త అక్విడక్టుకు 2000లో ఒక ఇల్లాలి పేరు పెట్టారు. డొక్కా సీతమ్మ అక్విడక్టుకు పాతికేళ్ళు నిండాయి. ఆ పేరు ఏ ఇంటి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి.

సీతమ్మ కాలంలో కోనసీమ ప్రయాణమంటే సగం నడక, సగం పడవ. అంతర్వేది తీర్థానికి పోయేవాళ్ళయినా, సంబంధాలు చూడబోయేవాళ్ళయినా రేవులో ఆగక తప్పదు. గోదారి పొంగితే పడవ కదలదు. పూటకూళ్ళ ఇల్లుంటే డబ్బిచ్చి తినొచ్చు, లేకుంటే పస్తే. ఏటి పాయల మధ్య ఉన్న లంకల గన్నవరంలో డొక్కావారి ఇల్లు అలాంటి బాటసారులకు సత్రమైంది. నిజానికి అది సంసారం చేసుకునే ఇల్లు. పొయ్యి మాత్రం ఆరదు.

సీతమ్మ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం. అడిగినవాడికల్లా అన్నం పెట్టేవారు గనక ఆయన్ను ఊళ్ళో ‘బువ్వన్న’ అనేవారట. గన్నవరం రైతు డొక్కా జోగన్న ఒకసారి ఎండవేళ ఆ ఇంట భోజనం చేసి, ఆ పిల్ల పెట్టిన తీరు చూసి మనువాడారని చెబుతారు. పుట్టింటి అలవాటు అత్తింటికి వచ్చింది. వేళ కాదనడం, కులం అడగడం ఆ ఇంట లేవని ప్రతీతి.

ఊరు చెప్పే కథలన్నిట్లో అంతర్వేది కథే ముందుంటుంది. ఏళ్ళ తరబడి వంటిల్లు వదలని సీతమ్మ ఎట్టకేలకు నరసింహస్వామి దర్శనానికి పల్లకి ఎక్కారు. దారిలో బోయీలు ఒక చెట్టు నీడన పల్లకి దించారు. అటుగా ఒక కుటుంబం వెళుతోంది. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారని పెద్దలు సముదాయిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ పల్లకి వెనక్కి తిప్పమన్నారట. వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి విస్తళ్ళు వేయించారు. స్వామి దర్శనం ఆగిపోయినందుకు చెప్పేవాళ్ళెవరూ చింతించరు.

ఇంకో కథ వరద రాత్రిది. పొంగిన గోదారి నడుమ లంకలో చిక్కుకున్న మనిషి ఆకలి కేక ఇంటిదాకా వినిపించింది. ఈసారి కదిలింది జోగన్న. భార్య కలిపిచ్చిన అన్నం తీసుకుని, చీకట్లో పడవ వేసుకుని వెళ్ళారు. అన్నదానమంతా సీతమ్మ పేరునే చెల్లుతుంది గానీ, ఆ పడవ తెడ్డు పట్టినాయన్నూ లెక్కలో వేసుకోవాలి.

పెట్టీ పెట్టీ ఆస్తి కరిగిపోయిన రోజుల్లో పొలం తవ్వుతుంటే జోగన్న గునపానికి బంగారు కాసుల పాత్ర తగిలిందని మరో కథ. ఇది అన్నదాతలున్న చోటల్లా పుట్టే కథే. వరద ఏటా తెచ్చి పరిచే ఒండ్రును, ఆ నేలలో పండే పంటను ఎవరూ కథలో చేర్చరు. దైవం పేరు చెబితే కథకు అందం వస్తుంది. తెల్లవారకముందే నీళ్ళు తోడి, బియ్యం కడిగి, పొయ్యి ఊదిన చేతుల చాకిరీ మాత్రం చూపుకు ఆనదు.

పిఠాపురం రాజా మారువేషంలో వచ్చి తిని పరీక్షించారనీ, ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక సంబరాలకు తెల్లదొరలు ఆహ్వానం పంపితే ఆవిడ రానన్నారనీ, బదులుగా ఫొటో తీయించుకెళ్ళి కుర్చీలో పెట్టారనీ కోనసీమ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ పట్టాభిషేకం పేరిట జరిగిన 1903 నాటి ఢిల్లీ దర్బారు చరిత్రే. కుర్చీ ముచ్చట ఊరి అభిమానం ఖాతాలో వేసుకుంటే సరి.

1909లో ఆవిడ కన్నుమూశారు. ఆవిడ పేరు మోసే అక్విడక్టు పొరుగునే పాత అక్విడక్టు ఉంది, ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత నగరం లంకకు కాలువ నీళ్ళు దాటించడానికి దొరల హయాంలో కట్టింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి సీతమ్మ పేరు పెట్టింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీ విద్యార్థులకూ అదే పేరుతో భోజనం వడ్డిస్తున్నారు.