గిసాల్లో కొండ మీద సైకిళ్ల గుడి

ఇటలీ ఉత్తరాన, ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర కోమో సరస్సు రెండు పాయలుగా చీలుతుంది. ఆ చీలిక కొసన బెల్లాజియో ఊరుంది. పడవ దిగిన పర్యాటకులు అక్కడి మెట్ల వీధుల్లో తిరిగి, ఫోటోలు తీసుకుని, మళ్లీ పడవెక్కేస్తారు. సైకిళ్ల మీద వచ్చేవాళ్లు మాత్రం సరస్సుకి వీపు తిప్పి దక్షిణంగా కొండెక్కుతారు. నీటి అంచు నుంచి బయల్దేరిన ఆ దారి పది కిలోమీటర్ల దాకా సాగి, మాగ్రెల్యో అనే చిన్న ఊరి దగ్గర 754 మీటర్ల ఎత్తున ఉన్న గిసాల్లో కనుమకి చేరుతుంది. మొదటి నాలుగు కిలోమీటర్లూ కాళ్లు పీకేస్తాయి. నడుమ కాస్త చదును వచ్చి ఊపిరి తీసుకోనిస్తుంది. చివరి కిలోమీటరు మళ్లీ నిటారుగా లేస్తుంది. కొన్నిచోట్ల వాలు 14 శాతం, అంటే వంద మీటర్లు ముందుకి పోయేసరికి 14 మీటర్లు పైకి ఎక్కాలన్నమాట.

సరస్సులూ మంచుకొండలూ ఒక్కచోటే కనిపించే దారులు ఆల్ప్స్‌లో కొల్లలు. వాటన్నిటిలో ఈ దారికే ఇంత పేరు రావడానికి కారణం దాని అందమొక్కటే కాదు. ఒక పత్రిక పెట్టిన పందెం, ఒక పల్లెటూరి ఫాదర్ పట్టుదల, ఆ రోడ్డు మీద చెమటోడ్చిన రెండు మూడు తరాల మనుషులు కలిసి దాన్ని యాత్రాస్థలంగా మార్చారు.

మిలాన్ నగరంలో అచ్చయ్యే 'గజెత్తా దెల్లో స్పోర్ట్' 1896లో పుట్టిన క్రీడా పత్రిక. దాని గులాబీ రంగు కాగితం ఇటలీ అంతటా ప్రసిద్ధం. పందేలు జరిపితే పత్రికలు అమ్ముడుపోతాయని ఆ కాలపు సంపాదకులకి బాగా తెలుసు. ఆ పత్రికలో పనిచేసే తుల్లో మొర్గాన్యి చొరవతో 1905 నవంబరు 12న మిలాన్‌లో మొదలై మిలాన్‌లోనే ముగిసే సైకిల్ రేసు జరిగింది. దూరం సుమారు 230 కిలోమీటర్లు. అప్పటి రోడ్లు మట్టి రోడ్లు, పైగా నవంబరు బురద. 'ఎర్ర దయ్యం' అని జనం ముద్దుగా పిలుచుకున్న జొవాన్ని జెర్బి గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన రోసిన్యోలికీ అతనికీ మధ్య తేడా 40 నిమిషాలకు పైనే. రెండేళ్లకు ఆ రేసుకి 'జీరో ది లొంబార్దియా' అన్న పేరు వచ్చింది. సీజన్ చివర, చెట్లు ఆకులు రాల్చే వేళ జరుగుతుంది కాబట్టి ఆకులు రాలే కాలపు రేసు అని కూడా అంటారు. మొదటి ప్రపంచయుద్ధం దాన్ని ఆపలేకపోయింది. ఇన్నేళ్లలో అది జరగనివి 1943, 1944 మాత్రమే.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే ఆల్ఫొన్సీనా స్త్రాదా అనే యువతి ఈ రేసులో పేరు నమోదు చేయించుకుంది. చాలామంది మగవాళ్లు సైన్యంలో ఉన్నారు, ఆడవాళ్లు రాకూడదన్న నిబంధన కాగితం మీద లేదు. 1917లో చివరి స్థానంలో వచ్చినా మొత్తం దూరం పూర్తిచేసింది. అదే రోజు మధ్యలో మానేసిన మగవాళ్లు చాలామంది ఉన్నారు. 1918లో మళ్లీ పోటీ చేసి 21వ స్థానంలో నిలిచింది.

గిసాల్లో కొండ రేసులోకి వచ్చింది ఆ మరుసటి ఏడే, 1919లో. ఆ ఏడు కొస్తాంతె జిరార్దెంగో గెలిచాడు. అప్పటి సైకిళ్లకి ఇప్పటిలా చేత్తో మార్చే గేర్లు లేవు. వెనక చక్రానికి రెండు వైపులా చెరో పళ్ల చక్రం ఉండేది. కొండ మొదలవగానే దిగి, బోల్టులు వదులు చేసి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కాలి. పైకి చేరాక దిగువకి పోవడానికి మళ్లీ అదే తంతు. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ఆ పని ఎంత త్వరగా ముగిస్తే అంత లాభం. చక్రం మార్చడంలో ఆలస్యమైనవాడు పందెం అక్కడే పోగొట్టుకునేవాడు.

కనుమ మీద మరియమాత చిన్న గుడి ఉంది, 17వ శతాబ్దం నాటిది. మధ్యయుగంలో గిసాల్లో అనే జమీందారు ఆ దారిన పోతుండగా దొంగలు వెంటపడ్డారనీ, అక్కడున్న మరియమాత బొమ్మ దగ్గరికి పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నాడనీ స్థానికుల కథ. బాటసారులని కాపాడే తల్లిగా ఆమెకి పేరుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మాగ్రెల్యో విచారణ గురువు ఫాదర్ ఎర్మెలిందో విగనో ఒక సంగతి గమనించాడు. కొండెక్కి వచ్చిన సైకిలిస్టులు గుడి ముందు ఆగుతున్నారు, దణ్ణం పెట్టుకుంటున్నారు. ఈ తల్లిని సైకిలిస్టుల పాలక పునీతురాలిగా ప్రకటించాలని ఆయన రోమ్‌ని కోరాడు, కోరి ఊరుకోక వెంటపడ్డాడు.

1948లో పోపు పన్నెండో పయస్ చేతుల మీదుగా వెలిగిన దివిటీని సైకిలిస్టులు రోమ్ నుంచి ఈ కొండ మీదికి తెచ్చారు. తెచ్చినవాళ్లలో జీనో బార్తలి, ఫౌస్తో కొప్పి ఉన్నారు. బార్తలి భక్తుడు, పల్లెటూళ్ల ఆరాధ్యుడు. కొప్పి కొత్త కాలపు మనిషి. ఇటలీ ఆ రోజుల్లో వీళ్ల అభిమానులుగా రెండుగా చీలి ఉండేది. ఆ ఇద్దరూ ఒకే దివిటీ కోసం కలవడం జనానికి పెద్ద విశేషమైంది. 1949 అక్టోబరు 13న పోపు ఆ ప్రకటన చేశాడు. అప్పటి నుంచి, చనిపోయిన సైకిలిస్టుల పేరిట గుడిలో దీపం వెలుగుతూనే ఉంది. రేసు వచ్చినప్పుడు గంటలు మోగిస్తారు.

కొప్పి ఈ రేసుని 1946 నుంచి 1949 దాకా వరసగా నాలుగుసార్లు, 1954లో ఐదోసారి గెలిచాడు. 1956లో ఆరో గెలుపు కోసం ముందుకి దూసుకుపోయాడు. మరో పోటీదారు ఫియొరెంజో మాన్యి వెనకబడ్డాడు. కారులో వెళుతున్న కొప్పి సహచరి జూలియా ఒకీనీ మాన్యిని చూసి ఎగతాళిగా సైగ చేసిందంటారు. రోషం పొడుచుకొచ్చిన మాన్యి గుంపు ముందుకొచ్చి, పళ్లు బిగించి లాగి, మిలాన్ చేరేలోగా కొప్పిని పట్టుకున్నాడు. చివరి క్షణంలో ఫ్రాన్స్‌కి చెందిన ఆంద్రే దారిగాద్ కొప్పిని వెంట్రుకవాసిలో దాటేశాడు. మాన్యి మూడోవాడు.

కొండ మీద సంపాదించిన ఆధిక్యం మిలాన్ వెళ్లే చదును రోడ్ల మీద కరిగిపోతోందని నిర్వాహకుడు విన్చెంజో తొర్రియానికి అర్థమైంది. 1960లో ఆయన దగ్గర్లోని సొర్మానో ఊరి పైనుంచి పోయే ఒక సన్నటి బాటని రేసులో చేర్చాడు. దాని పొడవు రెండు కిలోమీటర్లకు లోపే. వాలు మాత్రం ఒకచోట 25 శాతం దాటుతుంది. దానికి 'సొర్మానో గోడ' అని పేరు పడింది. చాలామంది దిగి సైకిల్ నడిపించుకుంటూ ఎక్కారు. అభిమానులు తమవాళ్లని వెనక నుంచి నెట్టారు. 1962లో ఎర్కోలే బల్దీని 9 నిమిషాల 24 సెకన్లలో ఎక్కాడు. నెట్టుడు వ్యవహారం శ్రుతిమించడంతో ఆ ఏడు తరవాత గోడని తీసేశారు. వాడేవాళ్లు లేక బాట పాడుబడింది. 2006లో దాన్ని బాగుచేసి, ఎక్కే ప్రతి మీటరు ఎత్తుకీ రోడ్డు మీద ఒక అంకె రాయించారు. 2012లో రేసు మళ్లీ అటు వచ్చింది.

ఈ కొండలు ప్రాణాంతకం కూడా. 2020లో సొర్మానో నుంచి దిగుతూ బెల్జియం యువకుడు రెమ్కో ఎవెనెపూల్ వంతెన గోడ మీంచి లోయలో పడ్డాడు. కటి ఎముక విరిగినా బతికి బయటపడ్డాడు. కోమోలో పుట్టిన ఫాబియో కజార్తెల్లికి ఆ అదృష్టం లేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన ఆ యువకుడు 1995 జులై 18న టూర్ ద ఫ్రాన్స్‌లో, పిరనీస్ కొండల దిగువ దారిలో పడి 24 ఏళ్లకే చనిపోయాడు. ఆ రోజు అతను తొక్కిన సైకిల్, దెబ్బతిన్నది దెబ్బతిన్నట్టే, గిసాల్లో గుడి గోడకి వేలాడుతోంది. కొప్పి, బార్తలి, మెర్క్స్ వంటి విజేతల సైకిళ్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఛాంపియన్లు సమర్పించిన సైకిళ్లూ జెర్సీలూ పెరిగి పెరిగి ఆ చిన్న గుడిలో చోటు చాలలేదు. 1956లో రోషంతో పరుగెత్తిన మాన్యే వృద్ధాప్యంలో పూనుకుని, పక్కనే సైకిల్ మ్యూజియం కట్టించే పని నెత్తినేసుకున్నాడు. అది 2006లో తెరుచుకుంది. మాన్యి 2012లో కన్నుమూశాడు.

రేసు నేటికీ ఏటా జరుగుతోంది. స్లొవేనియాకి చెందిన తదేయ్ పొగాచర్ 2021 నుంచి 2025 దాకా వరసగా ఐదుసార్లు గెలిచి కొప్పి లెక్కని అందుకున్నాడు. మిలాన్ మీదుగా కోమో సరస్సు చూడబోయే తెలుగువాళ్లు బెల్లాజియో వీధులతోనే తిరుగుముఖం పట్టకుండా ఈ పది కిలోమీటర్లూ పైకి వెళ్లాలి. తొక్కగలిగినవాళ్లు అద్దె సైకిల్ మీద, లేనివాళ్లు బస్సులోనో కారులోనో వెళ్లినా సరే, గుడి లోపలికి వెళ్లి ఆ గోడల మీది సైకిళ్లని ఒక్కొక్కటే తీరిగ్గా చూడండి.