నక్షీ కాంథా

పాత చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, వాటి మీద తామరలు, చెట్లు, చేపలు, పక్షులు సూదితో దిద్దే బెంగాల్ బొంతలను కాంథాలంటారు. బొమ్మలతో నిండినవి నక్షీ కాంథాలు. పశ్చిమ బెంగాల్‌లోనూ బంగ్లాదేశ్‌లోనూ ఇవి చాలాకాలం సంతలో అమ్మిన సరుకు కావు. ఇంటి ఆడవాళ్లు ఇంటివాళ్ల కోసం కుట్టినవి. బిహార్ సుజని కుట్టు కాంథాకు దగ్గరి చుట్టం. తెలుగు ఇళ్లలో అమ్మమ్మలు పాత చీరలతో బొంత కుట్టే పద్ధతీ మూలంలో ఇదే. బెంగాల్‌లో ఆ పని బొమ్మల కళగా ఎదిగింది.

పేదరికం వల్లే పాత బట్ట వాడారనుకోవడం సగం నిజమే. ఉతికి ఉతికి మెత్తబడిన పలచని నూలు బట్టను నాలుగైదు పొరలు పేర్చినా సూది సులువుగా దిగుతుంది. కొత్త బట్ట అలా లొంగదు. చిరుగులున్న చోట కత్తిరించి, అతుకు వేసి, నేల మీద ముడత లేకుండా పరిచి, పొరలు కదలకుండా ముందు పొడవాటి టాకాలు వేస్తారు. రంగు దారం కూడా చీర అంచుల్లోంచి లాగిన పోగులే. పాత కాంథాల్లో ఎరుపు, నీలం, నలుపు ఎక్కువగా కనిపించడానికి కారణం అదే: అంచుల్లో ఉన్న రంగులే బొమ్మల్లోకి వచ్చాయి.

కుట్టు ప్రధానంగా ఒక్కటే, సూది పైకీ కిందికీ వెళ్తూ సాగిపోయే మామూలు రన్నింగ్ స్టిచ్. పల్లె ఆడవాళ్లు దానితో చేసిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బొమ్మలన్నీ అయ్యాక మిగిలిన తెల్లటి నేలనంతా తెల్ల దారంతో నింపుతారు. చేప చుట్టూ చేప ఆకారంలో, ఆకు చుట్టూ ఆకు ఆకారంలో వరస మీద వరస కుట్టుకుంటూ పోతే బట్ట సన్నగా ముడుచుకుని, గాలికి కదిలే చెరువు నీరులా అలలు తేలుతుంది. ఆ అలలే కాంథా ప్రాణం. అచ్చు వేసిన నకళ్లలో అవి కనబడవు.

పాత పద్ధతిలో నడుమ విచ్చిన తామర ఉంటుంది. నాలుగు మూలల నుంచి నాలుగు చెట్లు, లేదా మామిడిపిందె ఆకారపు కల్కాలు దానివైపు వంగుతాయి. మధ్య ఖాళీలో సూర్యచంద్రులు, నెమళ్లు, ఏనుగులు, పడవలు ఎవరికి తోచినట్టు వాళ్లు కుడతారు. అంచు వరసల్లో వరికంకి, లత, కెరటం, తేలు కనిపిస్తాయి. చెరువులు, వరి పొలాలు, ఏటి పాయల మధ్య బతికినవాళ్ల కంటికి రోజూ కనబడేవే ఇవన్నీ. వాడకాన్ని బట్టి పేర్లు మారతాయి: చలికి కప్పుకునే లేప్, అతిథులకు పరిచే సుజని, పూజలో కూర్చునే ఆసన్, అద్దమూ దువ్వెనా చుట్టిపెట్టే ఆర్షిలత. పుట్టబోయే బిడ్డకు చిన్న కాంథా కుట్టడం నేటికీ ఆనవాయితీ.

సుమారు 400 ఏళ్ల నాటి కృష్ణదాస కవిరాజు ‘చైతన్య చరితామృతం’లో కాంథా ప్రస్తావన ఉంది. 16, 17 శతాబ్దాల్లో పోర్చుగీసు వర్తకుల కోసం బెంగాల్‌లో టస్సర్ పట్టు దారంతో కుట్టిన దుప్పట్లు యూరప్ చేరాయి. కొందరు వాటిని కాంథాకు పూర్వీకులంటారు కానీ, అవి ఎగుమతి కోసం కొత్త బట్ట మీద చేసినవి. వేరే పాయగా చూడటమే సబబు. ఇళ్లలో కుట్టినవి వాడి వాడి చీలికలైపోయాయి. అందుకే నేడు మ్యూజియాల్లో ఉన్న మంచి కాంథాల్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దివి. వాటిలో మానదాసుందరి దాసి తండ్రికి కానుకగా కుట్టినది ప్రసిద్ధం. ఆ సంగతిని ఆమె బట్ట మీదే అక్షరాలుగా కుట్టింది. తక్కిన వాటిలో చాలావాటికి కుట్టినవారి పేరు తెలియకపోవడం ఈ చరిత్రలో పెద్ద లోటు.

20వ శతాబ్ది మొదట్లో మిల్లు దుప్పట్లు వచ్చి ఈ పని సన్నగిల్లింది. సరిగ్గా అప్పుడే దాన్ని గుర్తించినవాళ్లూ వచ్చారు. ఐసీఎస్ అధికారి గురుసదయ్ దత్ (1882–1941) జిల్లాల్లో పనిచేస్తూ కాంథాలు సేకరించారు. కోల్‌కతా శివారు జోకాలోని మ్యూజియం ఆయన పేరిటే ఉంది. కవి జసీముద్దీన్ 1929లో ప్రచురించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యంతో నక్షీ కాంథా అన్న పేరు ఇంటింటికీ చేరింది. కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లో కాంథా మీద వ్యాసం రాశారు. ఆమె సేకరణ ఫిలడెల్ఫియా మ్యూజియంలో భద్రంగా ఉంది.

1947 విభజనతో కుట్టేవారు చెల్లాచెదురయ్యారు. పశ్చిమ బెంగాల్‌లో శాంతినికేతన్ ప్రభావంతో కుట్టు చీరల మీదికి, దుపట్టాల మీదికి మళ్లింది. బంగ్లాదేశ్‌లో 1971 తర్వాత స్త్రీల ఉపాధి మార్గంగా నిలబడింది. 1978లో మొదలైన ఆరంగ్ దుకాణాలు దానికి పట్నం అంగడిని ఇచ్చాయి. పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు, కళాకారిణి ప్రీతికణా గోస్వామికి 2023లో పద్మశ్రీ దక్కాయి. తెలుగు నగరాల ప్రదర్శనల్లో అమ్మే ‘కాంతా వర్క్’ చీరల్లో ఎక్కువ భాగం కొత్త టస్సర్ మీద ఒకే పొరకు కుట్టినవి కాబట్టి వాటిలో పొరల మెత్తదనం ఉండదు. పాత చీరల పొరలతో చేసిన, రెండువైపులా పరుచుకోగల దుప్పట్లు కూడా ఇప్పుడు మళ్లీ బజారుకు వస్తున్నాయి.